ఏడుపు మొహం తెచ్చిన మంచి కబురు

త్రికోటేశ్వరరావుది పుట్టుకతోనే పరామర్శకు వచ్చినట్టుండే మొహం. కనుబొమల చివరలు కిందికి జారి ఉంటాయి. పెదవుల చివరలు అంతకంటే కిందికి దిగి ఉంటాయి. వీధిలో ఎదురైన కొత్తవాళ్ళు ముందు "ఎవరు పోయారండీ?" అని అడిగి, ఆ తర్వాత బాగున్నారా అంటారు. ఎడ్లపాడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు పోయినా పలకరింపుకు వెళ్ళే ఆటోలో ఆయన్ని ముందు కూర్చోబెడతారు. ఆయన గుమ్మంలో కనపడితే చాలు, ఆ ఇంటివాళ్ళు కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కుకుని ఏడుస్తారు. వెంట వచ్చినవాళ్ళు నోరు తెరవాల్సిన పని ఉండదు. అదే పంచాయతీ ఎన్నికలప్పుడైతే, "బావా, నువ్వు మా వెంట రామాక, అవతలోళ్ళ వెంట తిరుగు, మనం గెలుస్తాం" అని సొంత బావమరిదే ఆయనకు దణ్ణం పెట్టాడు.

ఇంతా చేసి ఆ మనిషికి ఏ దిగులూ లేదు. అదీ విచిత్రం. మూడెకరాల పత్తి, రెండెకరాల మిర్చి, రెండు పాడిగేదెలు, పొద్దున్నే చద్దన్నం, రాత్రి తల వాల్చిన నిమిషానికి గురక. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన భార్య హనుమాయమ్మ ఆ మొహాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. గోడ గడియారంలో టైము చూస్తాం గానీ గడియారాన్ని చూస్తామా?

అలాంటి హనుమాయమ్మ గుంటూరు ఆసుపత్రి వరండాలో ఆ మొహం చూసి హడలిపోయింది.

ఆమె మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. మిరప కోతలు అయ్యాక చూసుకుందాంలే అని రెండు నెలలు కొంగు కప్పి తిరిగింది. కోడలు సుకన్య కంటపడ్డాక ఇక సాగలేదు. గుంటూరులో డాక్టరు చేత్తో నొక్కి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు పది రోజులకు వస్తుందన్నాడు. ఆ పది రోజులూ ఎట్లా గడిచాయో ఆమెకే తెలియాలి. విచిత్రంగా మొగుడు మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు. గేదెలకు మేత వేస్తూ కూనిరాగం తీశాడు. టీ కొట్టు దగ్గర చేరి జోకులేశాడు. పదో రోజు డాక్టరు గదిలోకి కొడుకు శ్రీకాంత్ వెంట వెళ్ళేటప్పుడు కూడా కాంపౌండరును ఏదో అని నవ్వించాడు.

పావుగంట తర్వాత బయటికి వచ్చాడు. కనుబొమలు జారిపోయాయి, పెదవులు దిగిపోయాయి. నవ్వుతూ లోపలికి వెళ్ళినవాడు శవాన్ని మోసినవాడిలా వచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"ఏం లేదంట. కొవ్వు గడ్డంట," అన్నాడు.

హనుమాయమ్మ తల ఊపింది. తనకు రోజులు దగ్గరపడ్డాయని ఆ క్షణాన అర్థమైంది.

ఎందుకంటే ఈ వైపు ఊళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ పెట్టింది కాదు, ఎవరూ తీసేయగలిగిందీ కాదు. పెద్ద రోగమని తేలితే ఆ మాట రోగికి చెప్పరు. డాక్టరు మగవాళ్ళను లోపలికి పిలుస్తాడు, రోగి బయట బల్ల మీద కూర్చుంటుంది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి "ఏం లేదంట" అంటారు. రిపోర్టు బీరువాలో చీరల కిందికి పోతుంది. నిజంగా ఏమీ లేకపోయినా అదే మాట, ఆరు నెలల్లో పోయేదైనా అదే మాట. మంచి కబురూ చావు కబురూ ఒకే బట్ట కట్టుకుని వస్తే ఏది ఏదో ఎవరు చెప్పగలరు?

పైగా హనుమాయమ్మ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. నాలుగేళ్ళ కిందట ఆమె తోటికోడలు రాఘవమ్మకు కడుపులో పుండు ముదిరిందని తేలినప్పుడు, "ఏం లేదంటక్కా, రక్తం తక్కువైందంట, అంతే" అని చెప్పింది ఈమే. రాఘవమ్మ నమ్మలేదు. పిల్లల మీద ఒట్టేయమంది. హనుమాయమ్మ శ్రీకాంత్ నెత్తిన చెయ్యి పెట్టి తడుముకోకుండా ఒట్టేసింది. ఆ తర్వాత కోటప్పకొండ ఎక్కి స్వామికి తప్పు చెల్లించుకుంది. రాఘవమ్మ నాలుగు నెలలకు పోయింది. పోయేముందు రోజు కూడా "నీ ఒట్టు నమ్మాను లేవే" అని నవ్వింది. ఆ నవ్వు హనుమాయమ్మ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

కాబట్టి తిరుగు ప్రయాణంలో ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. గుంటూరు దాటకముందే బజార్లో కారు ఆపించి మొగుడు బత్తాయిలు కొన్నాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన చేత్తో ఆమెకు కొన్న మొదటి పళ్ళు అవి. అనుమానం ఏమైనా మిగిలి ఉంటే ఆ సంచీతో తీరిపోయింది.

ఇంటికొచ్చాక సుకన్య పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మెడ మీద కుట్టు ఆరేదాకా కూర్చోండత్తయ్యా అంది. గేదెల పాలు తానే పితుకుతానంది. అత్త మనసులో ఇంకో మేకు దిగింది. ఆ పిల్ల పెళ్ళయి వచ్చి ఆరేళ్ళయింది, ఏనాడూ గేదె కొట్టం వైపు తొంగిచూడలేదు. ఇప్పుడెందుకు ఇంత ప్రేమ?

మూడో రోజుకు హనుమాయమ్మకు ముద్ద దిగడం మానేసింది. నాలుగో రోజు బీరువా తీసి రెండు పట్టుచీరలు కోడలి ఒళ్ళో పెట్టింది. ఎర్ర గేదె ఎడమ పక్క నుంచి పోతే తంతుందని, కారం ఆడించేటప్పుడు మెంతులు ఎంత పొయ్యాలో, మామగారికి ఆవకాయలో వెల్లుల్లి లేకపోతే ఎట్లా ముద్ద దిగదో అన్నీ అప్పగించింది. సుకన్యకు విషయం అప్పుడు అర్థమైంది. లబోదిబోమంటూ మొగుడికి చెప్పింది.

ఇల్లంతా ఏకమైంది. శ్రీకాంత్ రిపోర్టు తీసి చూపించాడు. హనుమాయమ్మకు ఇంగ్లీషు రాదు, అందులో కొవ్వు గడ్డ అని రాసి ఉందో కొరివి దయ్యం అని రాసి ఉందో ఆమెకేం తెలుసు. డాక్టరుతో ఫోనులో మాట్లాడించారు. రాఘవమ్మతో డాక్టరు ఇంతకంటే తియ్యగా మాట్లాడాడు. శ్రీకాంత్ ఒట్టేయబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆ ఒట్టు ఎంత చేస్తుందో ఆమెకు తెలుసు, పాపం వాడెందుకు కొండెక్కాలి.

"నాన్నా, నువ్వన్నా ఆ మొహం కాస్త మార్చి నవ్వుతూ చెప్పు," అన్నాడు శ్రీకాంత్ విసిగిపోయి.

త్రికోటేశ్వరరావు ప్రయత్నించాడు. పెదాలు రెండూ పక్కలకు లాగాడు. చూసినవాళ్ళకు పంటి నొప్పేమో అనిపించింది. "రానిది ఎట్టా నవ్వేదిరా" అని ఆయన పొలానికి పోయాడు. హనుమాయమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. చావంటే ఆమెకు మరీ అంత భయం లేదు. తనవాళ్ళంతా చుట్టూ నిలబడి తనకు అబద్ధం చెప్తుంటే, ఆ మధ్యలో ఒంటరిగా పోవాల్సి రావడమే భరించలేకపోయింది. రాఘవమ్మ ఆ నాలుగు నెలలూ ఎక్కడ బతికిందో ఇప్పుడు తెలిసొచ్చింది.

ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి రిపోర్టు తీసింది. దాన్ని పొట్ట దగ్గర చీర కుచ్చిళ్ళలో దోపుకుని వెనక వీధికి నడిచింది. ట్రాక్టర్ మెకానిక్ కరీముల్లా ఇల్లు అక్కడే. ఆయన కూతురు మెహ్జబీన్ చిలకలూరిపేటలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంది. చిన్నప్పుడు హనుమాయమ్మ వాకిట్లోనే ఆడుకుంది, పెద్దమ్మా అంటుంది. ఆదివారం కాబట్టి వరండాలో నోట్సులు దిద్దుకుంటూ కూర్చుంది.

ఆ అమ్మాయి రిపోర్టు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్కో మాటకూ తెలుగు చెప్పింది. కొవ్వు గడ్డే, ప్రమాదమైన కణాలేమీ లేవు, మందు కూడా అక్కర్లేదు అంది. హనుమాయమ్మ ఆ అమ్మాయి కళ్ళల్లోకే చూస్తూ కూర్చుంది. చివరికి "నీక్కూడా చెప్పి పెట్టారా అమ్మాయ్" అంది. మెహ్జబీన్ నివ్వెరపోయింది. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఎందుకు నమ్మవు అని గుచ్చి గుచ్చి అడిగింది.

"రిపోర్టు సంగతి నాకు తెల్వదు. నువ్వు మీ పెదనాయన మొహం చూశావా?" అంది హనుమాయమ్మ. "లోపలికి పొయ్యేటప్పుడు కులాసాగా పొయ్యాడు. వచ్చేటప్పటికి ఆ మొహం చూడాల్సింది. కాగితం అబద్ధమాడుద్ది గానీ మొహం ఆడుద్దా?"

మెహ్జబీన్ ఒక్క క్షణం ఆమెను చూసి ఫక్కున నవ్వింది. వెంటనే నాలుక కరుచుకుని క్షమించమంది. పెదనాన్న మొహానికి ఇంగ్లీషులో ఒక మాటుంది, మొన్ననే క్లాసులో వచ్చింది, ఆ మాటకు అర్థం చెప్పాలంటే నాకు పెదనాన్నే గుర్తొచ్చాడు అంది. క్లాసులో ఉన్న మన ఊరి పిల్లలు ఇద్దరైతే కిసుక్కున నవ్వారంది.

లుగూబ్రియస్.

"తిట్టా?" అంది హనుమాయమ్మ అనుమానంగా. మొగుణ్ణి తాను ఎన్నయినా అంటుంది, ఇంగ్లీషువాళ్ళు అంటే ఊరుకోదు.

తిట్టు కాదని మెహ్జబీన్ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. రోము దేశంలో లాటిన్ అని ఒక పాత భాష ఉండేది. అందులో పోయినవాళ్ళ కోసం ఏడవడానికి లూగేరే అనేవాళ్ళు. చావింట్లో వాళ్ళు కొన్నాళ్ళపాటు కట్టుకునే ముదురు రంగు బట్టల పేరు కూడా ఆ మాటలోంచి పుట్టిందే. నాలుగొందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. మొదట్లో నిజమైన దుఃఖానికే వాడారు. పోను పోను దాని సంగతి మారిపోయింది. ఇంట్లో ఎవరూ పోకపోయినా పోయినట్టు వేలాడే మొహాలుంటాయి కదా, అలాంటి అతి ఏడుపు మొహాలకు ఆ మాట స్థిరపడింది. ఇప్పుడు ఇంగ్లీషువాడు ఎవర్నైనా ఆ మాట అంటే పెదవి చివర కాస్త నవ్వుతూనే అంటాడు.

"అంటే చావు లేకుండా చావుబట్ట కట్టుకున్న మొహం. అంతే పెద్దమ్మా. బట్ట చూసి లోపల శవముందనుకుంటే ఎట్టా?"

హనుమాయమ్మ ఆ మాట మనసులో తిప్పుకుంది. అంత దూరాన, అన్ని వందల ఏళ్ళ కిందట కూడా ఇలాంటి మొహాలు ఉండబట్టే కదా వాళ్ళకు ఒక మాట కావాల్సి వచ్చింది. వాళ్ళ పెళ్ళాలు కూడా ఇట్లాగే గుండెలు బాదుకున్నారేమో. మొదటిసారి ఆమెకు కాస్త ఊపిరాడినట్టయింది. కానీ అనుమానం పీనుగు మీది ఈగ లాంటిది, తోలితే లేచి మళ్ళీ అక్కడే వాలుతుంది.

"సరే, అది ఉత్త బట్టే అనుకో. మరి నిజంగా దుఃఖమొస్తే ఆ మనిషి ఏ మొహం పెట్టుకుంటాడు? ఉన్న ఒక్కటీ మామూలు రోజులకే వాడేసుకుంటన్నాడాయె," అంది.

మెహ్జబీన్ నోట్సులు మూసి పక్కన పెట్టింది. "అది నిఘంటువులో ఉండదు, నీకే తెలవాలి పెద్దమ్మా. ముప్పై ఏళ్ళు కాపురం చేసింది నువ్వు," అని టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

హనుమాయమ్మ ఒక్కతే కూర్చుని ఆలోచించింది. ఆయనకు నిజమైన దుఃఖం ఎప్పుడొచ్చింది? మామగారు పోయినప్పుడు. పదకొండేళ్ళయింది. ఆ రోజు త్రికోటేశ్వరరావు చేసిన నిర్వాకం ఊరు ఇంకా మరిచిపోలేదు. వచ్చినవాళ్ళందర్నీ నవ్వుతూ పలకరించాడు. కాఫీలు అందించాడు. పాడె కట్టేవాళ్ళతో మా నాయన బరువు మీరు మొయ్యలేరురా అని హాస్యమాడాడు. ఆస్తి చేతికొచ్చిందని సంబరమని నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారు. ఆడపడుచు అలిగి ఏడాదిపాటు గుమ్మం తొక్కలేదు. హనుమాయమ్మ కూడా సిగ్గుతో చచ్చిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన గేదె కొట్టంలో ఒక్కడే కూర్చుని గంటసేపు ఏడ్చాడు. లేచి వచ్చాక చూస్తే మొహం మామూలుగా వేలాడుతోంది.

ఇంకొకసారి, శ్రీకాంత్‌కు ఆరేళ్ళప్పుడు. కందిచేలో పాము కరిచింది. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి జీపులో పోతుంటే ఈ మనిషి దారి పొడుగునా డ్రైవరుతో పొడుపుకథలు. ఆమె తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. విషం ఎక్కలేదని డాక్టరు చెప్పాక బల్ల మీద కూలబడ్డాడు. కనుబొమలు జారాయి, పెదవులు దిగాయి, అక్కడే గురక పెట్టాడు.

హనుమాయమ్మ రిపోర్టు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ముక్క పరీక్షకు పంపిన పది రోజులు. కూనిరాగం, టీ కొట్టు దగ్గర జోకులు, కాంపౌండరుతో నవ్వులు. ఆ మనిషి పది రోజులూ చావును ఎదురుగా పెట్టుకుని తిరిగాడు. డాక్టరు గదిలోంచి ఏడుపు మొహంతో వచ్చాడంటే, తన మొహం తనకు తిరిగొచ్చిందన్నమాట. రోగం దాచాల్సి వస్తే ఆ మనిషి ఇప్పటికీ నవ్వుతూనే ఉండేవాడు. కొడుకు నవ్వమన్నప్పుడు నవ్వలేకపోయాడంటే లోపల భయం ఒక్క చుక్క కూడా మిగల్లేదన్నమాట.

మెహ్జబీన్ టీ తెచ్చేసరికి పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. టీ తాగింది, ఇంకో గ్లాసు అడిగింది, రొట్టె ఏమన్నా ఉందా అంది. అయిదు రోజుల ఆకలి ఒక్కసారి గుర్తొచ్చింది.

ఇంటికి పోయేసరికి త్రికోటేశ్వరరావు పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కాళ్ళకంటిన మట్టి గోకుతున్నాడు. సుకన్య అత్తయ్య కనిపించడం లేదని కంగారుపడుతోంది. హనుమాయమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. కంచం నిండా అన్నం పెట్టుకుని, గోంగూర వేసుకుని, తెచ్చుకుని అరుగు మీద మొగుడి ఎదురుగా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"రిపోర్టు రాకముందు పది రోజులూ తెగ నవ్వావు. ఎందుకయ్యా?"

త్రికోటేశ్వరరావు మట్టి గోకడం ఆపాడు. ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అది.

"భయమేసిందే," అన్నాడు. "నువ్వు పోతే నేను ఎవరెదురుగా కూర్చుని తినాల? అది తలుచుకుంటే నోరు ఊరుకోలా. ఏందో ఒకటి వాగేవాణ్ణి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. నిద్ర పడతంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహం ఎంత దీనంగా ఉందంటే, దారిన పోయేవాడెవడైనా చూస్తే ఆగి ఓదార్చి పోతాడు. హనుమాయమ్మకు కళ్ళు నిండిపోయాయి. తన కోసం పది రోజులు ఇంత బెంగపడ్డాడా ఈ మొద్దు మనిషి. ముప్పై రెండేళ్ళకు ఆమె ఆ మొహాన్ని కళ్ళారా చూసింది. ఒక ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఏడుపు మొహంతోనే తిన్నాడు. తాను బతికున్నన్నాళ్ళూ ఈ మనిషికి నవ్వు రానీయొద్దని హనుమాయమ్మ కోటప్పకొండ స్వామికి మనసులో మొక్కుకుంది.